తడి చీర వలన సెలవు పొడిగింపు

సూపరింటెండింగ్ ఇంజనీరు గారి సముఖమునకు,
భవనాల విభాగం, కాకినాడ.

జురాంగ్ వెస్ట్, సింగపూరు,
ఆగస్టు 2007.

అయ్యా,

విషయం: సుస్థిర ఇంజనీరింగులో పైచదువు – చదువు సెలవు మరి ఆరు నెలలు పొడిగించుట – తడి చీర వలన జాప్యం – మనవి.

తమ కార్యాలయంలో సహాయక ఇంజనీరునై యుండి, సెలవుపై ఇచ్చట ఎం.ఎస్సీ. చేయుచున్న దశరథరామయ్య విన్నవించుకొనునది:

1. తమరి మెమోలో "సదరు ఉద్యోగి సాఫ్ట్‌వేరు శిక్షణ ముగించుకొని తక్షణం విధులలో చేరవలెను" అని యున్నది. నాది సాఫ్ట్‌వేరు కాదు. విమానంలో పక్కసీటు కుర్రాడు మొదలు అందరూ "ఏ టెక్నాలజీ అంకుల్?" అనే అడుగుతున్నారు. గాలి, నీడ అని చెబితే జాలిపడుతున్నారు.

2. ఏసీ లేకుండా గదిని చల్లబరచుట నా పరిశోధనాంశం. హైటెక్ మోజులో మనవాళ్లు తాలూకా ఆఫీసుకు కూడా అద్దాల గోడలు అడుగుతున్నారు. కరెంటు పోతే లోపల మనిషి ఉడికిపోతాడు. మన బడిగదులు మే నెలలో ఎలా ఉంటాయో తమరికి తెలియనిది కాదు.

3. ప్రయోగార్థం, నేను అద్దెకుంటున్న ఫ్లాటు కిటికీ బయట నీడపలకలు అమర్చి, వాటి కింద వేడిని నమోదుచేసే పెట్టెను ఉంచితిని. నెలల తరబడి ఫలితాలు అద్భుతంగా వచ్చినవి. ఎన్నడూ నవ్వని మా ప్రొఫెసరు నవ్వి, చేయి కలిపినారు.

4. గత నెలలో జ్వరమొచ్చి మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నాను. కిటికీ బయట వెదురు గెడలకు బట్టలారేయడం ఇక్కడి రివాజు. మా ఇంటి యజమానురాలు, మలేషియాలో పుట్టిన తెలుగావిడ కమలం ఆంటీ, నీళ్లోడుతున్న చీర తెచ్చి సరిగ్గా నా పెట్టె మీద కప్పింది. "ఆంటీ, ఏం చేస్తున్నారు?" అని అరిచాను.

"ఎండకి మాడిపోతంది గదా తంబీ, పావం! నువ్వు దాన్నే బిడ్డలా చూసుకుంటావు. అందుకే రోజూ నా తడి చీర కప్పుతన్నా. నువ్వొచ్చే లోపల తీసేస్తా. లే, ముందు మకాన్ చెయ్యి, రెండు ముద్దలు తిను, గంజి చల్లారిపోతంది లా."

5. కావున ఆ చల్లదనం నా నీడపలకలది కాదు, ఆంటీ చీరది. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి డిగ్రీ చేతికొచ్చేది. మూసుకోలేకపోయాను. ప్రొఫెసరు అంతా విని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుని, "మొదటినుంచి కొలవండి" అన్నారు.

6. నాకు నలభై దాటినవి. క్లాసులో నా ముందు బెంచీ అమ్మాయి నన్ను అంకులంటుంది, లెక్కల్లో సందేహమొస్తే నేను ఆమెనే అడుగుతాను. అలసిపోయాను సార్. కానీ అబద్ధపు చల్లదనాన్ని నమ్మి నేను బడి కడితే, అందులో కూర్చునేది పిల్లలు. అందుకే మళ్లీ కొలుస్తాను.

జీతం లేని సెలవైనా సమ్మతమే. సెలవు లేదంటే మాత్రం ఈ చదువు ఇక్కడితో సరి. ఈ అలసినవాడి మొర చిత్తగించవలెను.

ఇప్పటికీ తమ విధేయుడే అయిన,
దశరథరామయ్య

తా.క.: విషయం తెలిసిన రోజునుంచి ఆంటీ ఆ కిటికీ దగ్గరకే రావడం లేదు. బట్టలన్నీ హాల్లో ఆరేస్తోంది, ఇల్లంతా ముక్క వాసన. "నా చీర నీ చదువు ముంచేసింది" అని ఏడ్చి, నిన్న అన్నం ముట్టలేదు. చూడలేక, మా సార్ సెలవు ఎప్పుడో ఇచ్చేశారని చెప్పేశాను. వెంటనే లేచి, తమరి పేరు చెప్పి దేవుడికి దణ్ణం పెట్టుకుని, నాకు వడ్డించి తనూ తింది. ఇప్పుడు నా మాట నిలబెట్టగలిగేది తమరొక్కరే సార్.