అత్తయ్య మడి దండెం

బందరు. శ్రావణం, బుధవారం రాత్రి.

మా మేనత్తకి చెయ్యి పైకి లేవడం లేదు. మడిచీర ఆరేసే దండెం అందక కర్రతో అవస్థ పడేది. నిన్న నేనే నిచ్చెనెక్కి, దూలానికి కొత్త కొక్కేలు దిగగొట్టి, దండేన్ని కిందికి దించి కట్టాను. అరచేతులు బొబ్బలెక్కినా, పక్కింటివాళ్లని కూడా పిలిచి మరీ నా పనితనం చూపించాను.

"బాగా కిందికుందండీ, ఎవరికైనా తగుల్తుంది," అంది మా ఆవిడ.

"నేను కొలిచే కట్టానులే," అని కసిరాను.

ఇవాళ పొద్దున ఆఫీసు బట్టల్లో హడావిడిగా వెళ్తుంటే, ఆరిన మడిచీరకి నా తలే తగిలింది. మడి పోయింది. ఎవరూ చూడలేదు. చెబితే అత్తయ్య మళ్లీ తడుపుకుని, ఈ ముసుర్లో తడిచీరతోనే వండేది. పాపం అని ఊరుకున్నానా? కాదు. మా ఆవిడ పక్కగదిలోనే ఉంది, అందుకు.

అత్తయ్య ఆ చీరే కట్టుకుని వండింది. దేవుడికి నైవేద్యం పెట్టింది. తనూ తింది. మావయ్య పోయినప్పటినుంచీ ఒక్కపూట తప్పని మడి.

సాయంత్రం రేపటి చీర ఆరేస్తూ, "నీ పుణ్యమా అని చెయ్యి నొప్పెట్టలేదురా నాయనా," అంది. నేను తల దించుకున్నాను.

"అదీ, అలాగే వంగి నడు, చీరకి తగలకుండా," అంది.