మట్టి గుట్ట మీద నీ వంతు

అన్నా, నువ్వు పోయి ఇయ్యాలటికి యాడాది. నీ ఫోన్ అమ్మ బీరువల పెట్టింది, స్విచ్చాఫ్ ఉంది. అయినా మెసేజ్ పెడుతున్న. నీ దోస్తుల ముందు నాకు నోరు లేవదు, తిట్టాలంటే నువ్వే దొరికినవ్.

హైదరాబాదుల గోల్ఫ్ ఆడే సార్ల బ్యాగులు మోసి, రెండు పాత కర్రలు తెచ్చుకున్నవ్ గద. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల తవ్విన మట్టి పోసిన గుట్ట మీద తొమ్మిది గుంతలు తవ్వి ఆడాలని కాయితం మీద గీసినవ్. ఆడేటోళ్లు నలుగురు. ఆ నలుగుర్ల నా పేరు లేదు. కింద రాసినవ్, బ్యాగు మోసేటందుకు. దానికి నిన్ను ఇంకా మాఫ్ చెయ్యలే.

పొద్దున ఖాజా, ఇంకో ఇద్దరు నీ దోస్తులు ఆ కాయితం పట్టుకొని ఇంటికొచ్చిండ్రు. ఆదివారం ఆడుతరట.

"మీ అన్న జాగల నువ్వు ఆడురా," అన్నడు ఖాజా. "గనిల బాపు పోతే కొడుక్కి నౌకరి ఇయ్యరా? గట్లనే. ఆ నౌకరికైతే మెడికల్ టెస్టు ఉంటది, నీకు గది గూడ లేదు, పో!"

ముగ్గురు నవ్విండ్రు. ఖాజా నీ పేరు కొట్టేయవోతుంటే పెన్ను గుంజుకున్న.

"ఆయన నౌకరి నాకొద్దు," అన్న. గంత గట్టిగ ఎన్నడు మాట్లాడలే నేను.

నీ పేరు అట్లనే ఉంచి, దాని కింద ఐదో ఆటగాడని నా పేరు రాసిన. నీ వంతు వచ్చినప్పుడల్లా బంతి పెట్టి, నువ్వు కొట్టేంత సేపు అందరు ఆగాలె అని చెప్పిన. తొమ్మిది గుంతలకు తొమ్మిది సార్లు. వాళ్లను నిలవడనీ ఎండల.