గ్రెనేడుకు అర్థం

దర్శి, 1965 సెప్టెంబరు, రాత్రి

అమ్మకు ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సింది.

సాయంత్రం మిరపచేలో కలుపు తీసి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా రేడియో ముందు కూర్చుంది. పటాలంలో చేరిన తమ్ముడు శేషు ఉన్నది, ఇప్పుడు యుద్ధం జరుగుతున్న పంజాబు సరిహద్దులోనే. వార్తల్లో గ్రెనేడ్ల మాట రాగానే, "గ్రెనేడంటే ఏందిరా?" అంది. చేత్తో విసిరే బాంబని చెప్పి ఊరుకుంటే పోయేది. ఇంగ్లీషు మాస్టర్ని కదా, పొద్దున పేపర్లో ఆ మాట చూసి బడిలో నిఘంటువు తిరగేసి ఉన్నాను.

"ఫ్రెంచివాళ్లు దానిమ్మకాయను అట్లా అంటారమ్మా. తొలిరోజుల్లో ఆ బాంబు దానిమ్మకాయలాగే ఉండేదట. లోపల గింజల్లాగా మందు కూరేవాళ్లట" అని పాఠం చెప్పాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. "అయితే, పగిలితే గింజలు చెదిరినట్టేనా?"

లేచి రేడియో కట్టేశాను.

పెరట్లో శేషు నాటిన దానిమ్మ ఈ ఏడే కాసింది. వాడు సెలవుకొచ్చి తినాలని, ఉడతలు ముట్టకుండా అమ్మ ఒక్కో కాయకూ పాతగుడ్డ కట్టి కాపాడుతోంది. చాన్నాళ్లు ఎండిన నేల మీద వాన పడితే దానిమ్మ చెట్టుమీదే పగులుతుంది. చీకటిపడ్డాక ఉరిమింది. అమ్మ లాంతరు తీసుకుని లేచింది.

"పచ్చికాయలమ్మా, ఇప్పుడెందుకు?"

"నువ్వు మాట్లాడమాక."

అన్నీ కోసి, గుడ్డలు విప్పకుండానే చాటలో పెట్టుకుని వంటింట్లో కూర్చుంది. చిటారుకొమ్మన ఉన్న ఒక్కటి మాత్రం నాకూ అందలేదు.

వాన పెద్దదవుతోంది.