అంటదని ఒక్క కాగితం

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు, ఆళ్లగడ్డ బస్టాండు వెనుక వీధిలో బొరుగుల అంగడి నడుపుకొను విశ్వేశ్వరయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె చి. భ్రమరాంబ, వయస్సు ఎనిమిది, మూడవ తరగతి – ఆమె దవడ గడ్డ అంటువ్యాధి కాదని లిఖితపూర్వకముగా తెలియజేయుట గురించి.

1. గత ఉగాది తర్వాత నా కుమార్తెకు కుడి దవడ వాచినది. పంటి వాపు అనుకొని నంద్యాలలో పన్ను తీయించితిని. వాపు తగ్గకపోగా, పదిహేను దినములలో కన్ను మూసుకుపోవునంతగా పెరిగినది. కర్నూలు పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షించి, లింఫోమా అను క్యాన్సరు అని తేల్చినారు.

2. అక్కడి డాక్టరు రాజరత్నం గారు ఇంజక్షన్లు మొదలుపెట్టగా వారం తిరగకముందే గడ్డ సగానికి దిగినది. ఇది ఎందుకు వచ్చెనని అడిగితిని. వారు చెప్పిన మాటలు ఇవి: "ఒక వైరస్ ఉందప్పా. దానికీ ఈ గడ్డకీ సంబంధం ఉందంటాండారు. ఆ వైరస్ చిన్నప్పుడే ఎంగిలితో శానామందికి వస్తాది. నాకూ వచ్చింటాది, నీకూ వచ్చింటాది. వచ్చినట్టే తెలీదు. యాడో ఒక బిడ్డకు ఇట్ల గడ్డ లేస్తాది. ఈ బిడ్డకే ఎందుకంటే మాకూ తెలీదు. గడ్డ మాత్రం ఒకరినుంచి ఒకరికి అంటదు."

3. ఇక్కడ నా తప్పు ఒకటి మనవి చేయవలసియున్నది. బస్సు దిగగానే, ఏమాయెనని అడిగిన వారికెల్లా, దాచనేల అని ఈ మాటలన్నీ నేనే చెప్పితిని. వైరస్ అన్న మాట, ఎంగిలి అన్న మాట వీధి చివరి దాకా పోయినవి. అంటదు అన్న మాట మా అంగడి మెట్లు కూడా దిగలేదు.

4. హెడ్మాస్టరు శేషయ్య గారు మమ్ములను బడి గేటు వద్దనే నిలిపి, "నీ బిడ్డ తప్పు లేదప్పా. మిగతా పిల్లోళ్ల నాయనలు ఒప్పుకోవాల గదా. ఆఫీసు కాగితం తే, రేపే కూచోబెడతా" అన్నారు. డాక్టరు గారి చీటీ చూపితిని. అది ఇంగ్లీషులో ఉన్నది. అక్కడ చేరిన తండ్రులకు అందులో అర్థమైన ముక్క వైరస్ ఒక్కటే.

5. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మా గడప చుట్టూ బ్లీచింగు పౌడరు చల్లించినారు. నా భార్య ఉమామహేశ్వరమ్మ ఎందుకని అడగగా, "ఎవరో రాసినారు, చల్లినాం" అన్నారు. ఆ దినము మొదలు కొళాయి వద్ద ఆమె బిందెను అందరి తర్వాతనే పెట్టనిస్తున్నారు.

6. ఇంకను మూడు సార్లు కర్నూలు పోవలసియున్నది. గడ్డ తిరిగి లేవవచ్చు, లేవకపోవచ్చు అన్నారు. ఆ విషయములో తమరు గాని నేను గాని చేయగలిగినది లేదు. బిడ్డ మాత్రం జుట్టు ఊడిన తలకు తువ్వాలు చుట్టుకొని, పుస్తకాల సంచి ఒడిలో పెట్టుకొని, బడికి పోవు పిల్లలను అరుగు మీది నుండి చూచుచున్నది. ఎవరినీ పిలవదు.

కావున, ఈ గడ్డ అంటదని తెలుగులో రాయించి, ముద్ర వేయించి, ఒక్క కాగితం దయచేయించవలెను. ఇంతకు మించి ఎవరిని ఏమి అడగవలెనో తెలియని నా మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విశ్వేశ్వరయ్య
ఆళ్లగడ్డ, 14-8-1984

తా.క.: నిన్న సాయంత్రం బిడ్డ మజ్జిగ సగం తాగి, "నాయనా, నాకు సాలు, నువ్వు తాగు" అని లోటా చాచింది. డాక్టరు మాట చెవులారా విన్నవాణ్ణి నేను. అయినా నా చెయ్యి ముందుకు రాలేదు. ఒక్క క్షణమే. బిడ్డ చూసింది. లోటా దించుకొని, "కడిగి ఇస్తాలే నాయనా" అనింది. ఆ కాగితం రెండు ప్రతులు పంపండి సార్. ఒకటి నా పేరుకు.