వీడియోలో ఎడంచెయ్యి

రేవు, సోమవారం

ప్రియమైన ఉషమ్మకు,

ముఖం దాచుకుని ఊరిమీద రాళ్లు వేసేవాణ్ణి నిజం చెప్పేవాడు అనవచ్చా? పిల్లలకు పాఠం చెప్పే పంతులమ్మవి, జవాబు చెప్పు. వారంగా నా ఫోను ఎత్తడం లేదు, నిన్న ఆదివారం ఇంటికీ రాలేదు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను. ప్రసాద్ తన చేపల వ్యానులో రావులపాలెం వెళ్తూ కొత్తపేటలో దీన్ని నీకిస్తాడు. తిరిగొచ్చేటప్పుడు నీ జవాబు తెస్తాడు.

'ఏటిగొంతు' వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. ఎవరో రేవులో కట్టిన పడవలో కూర్చుని, రబ్బరు తొడుగులు వేసుకున్న చేతులతో వల బాగుచేస్తూ, మార్చిన గొంతుతో మాట్లాడుతున్నారు. జగ్గయ్యగారి రొయ్యల చెరువుల మురుగు ఏట్లోకి వదులుతున్నారట, చేపలు అందుకే చచ్చి తేలుతున్నాయట. మన భజన మందిరానికి మైకుసెట్టు ఇచ్చిన మనిషి మీద ఇంత మాటా! యుద్ధానికి దిగే వీరుడు కూడా శంఖం ఊది, పేరు చెప్పుకున్నాకే బాణం తీసేవాడని ముప్పై ఏళ్లుగా ప్రవచనాల్లో చెబుతున్నాను. పేరు లేని బాణం అధర్మం.

అందుకే పదకొండుమందిమి ఫోనులో గ్రూపు పెట్టాం. ప్రతి వీడియో ఆపి ఆపి చూశాం. నీటిమట్టాన్ని బట్టి అది ఏ వేళ పోటో లెక్క కట్టాం. ఆ తొడుగులు ఎవరు కొన్నారో కొట్టుకొట్టుకీ తిరిగి అడిగాం. "నూకయ్యగారూ, మీరు పోలీసోళ్లని మించిపోయేరండీ" అంటున్నారు. మీ అమ్మ మాత్రం "దేవుడికి దణ్ణం పెట్టే చేతుల్తో ఇదేం పనండీ?" అని సణుగుతోంది.

నిన్న దొరికింది. వీడియోలో వల సూది ఎడంచేతిలో ఉంది. మన రేవులో ఎడంచేత్తో వల అల్లేది ఒక్కతే: మొగుడు పోయాక వలలు బాగుచేసుకుని బతుకుతున్న గంగాదేవి. బుధవారం ప్రవచనంలో మైకులోనే చెబుతాను.

దీవెనలతో,
నాన్న నూకయ్య


కొత్తపేట, సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన నాన్నకు,

బుధవారం ఆ పేరు ఎత్తకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

పేరు లేకపోతే అధర్మమా? ధర్మం తెలిసిన అయిదుగురు అన్నదమ్ములు ఏడాదిపాటు మారుపేర్లతో బతికారని మందిరంలో చెప్పింది నువ్వే కదా. ఒకడు వంటవాడయ్యాడు, ఒకడు గుర్రాలు కాశాడు. వాళ్లు పిరికివాళ్లా? ఊరూరికీ మనుషుల్ని పంపి వాళ్లని వెతికించింది ఎవరు నాన్నా?

పదకొండుమంది కలిసి చేతులు చూశారు, తొడుగులు చూశారు. ఒక్కరైనా నడిచివెళ్లి జగ్గయ్యగారి తూము దగ్గర నీళ్లు చూశారా? గంగాదేవత్తని ఒక్క మాట అడిగారా? గంట కొట్టేశారు, ఉంటాను.

నీ ఉష


రేవు, గురువారం

ప్రియమైన ఉషమ్మకు,

నీ ఉత్తరం చదివాను. అయినా చెప్పేశాను. వాదన నీకు నేర్పింది నేనే, దానికి లొంగితే ఎలా అనుకున్నాను.

పేరు చెప్పగానే గంగాదేవి ఆడవాళ్ల మధ్యలోంచి లేచింది. "ఆయ్, ఎడంచెయ్యి నాదేనండీ. మరి ఆ వీడియోలు తీసే ఫోను నాకు మీరే కొనిచ్చేరా బాబుగారూ?" అంది. జనం గొల్లున నవ్వారు. దానిది మీటల ఫోనే. నాకు పౌరుషం వచ్చి "ఎవరిచేతో తీయించుంటావు" అన్నాను. "మీరు చదివిన పుస్తకాల్లో ఆడదాన్ని సభలో నిలబెట్టినోళ్లు ఏమయ్యేరో చెప్పండి, వినిపోతాను" అంది. మైకు కట్టేయమన్నాను.

పొద్దున్నే దాని గుమ్మంలో వలలన్నీ కత్తితో కోసేసి ఉన్నాయి. అలా చెయ్యమని నేను చెప్పలేదమ్మా. శనివారం నాలుగింటికి కులపెద్దలు కూర్చుంటారు. దాన్ని వెలి వేస్తే వల ఇచ్చేవాళ్లూ, పలకరించేవాళ్లూ ఉండరు. జగ్గయ్యగారు కబురు పెట్టారు, ఆ సభలో సాక్ష్యం నేనే చెప్పాలట.

గెలిచాననే అనుకుంటున్నాను. అన్నం మాత్రం సయించడం లేదు.

నాన్న నూకయ్య


కొత్తపేట, శుక్రవారం

ప్రియమైన నాన్నకు,

ఒక్కరే కూర్చుని వీడియో తీసుకునేవాళ్లు, తమ బొమ్మ తమకు కనపడాలని ముందువైపు కెమెరా వాడతారు. కొన్ని ఫోన్లలో అది అద్దంలోలా తిరగబడి వస్తుంది. కుడి ఎడమవుతుంది.

నమ్మకపోతే చేతులు వదిలేసి వెనకాల చూడు. పడవలోంచి గట్టువైపు చూస్తే ఐసు షెడ్డుకి ఎడమపక్కన మన మందిరం. వీడియోలో కుడిపక్కన ఉంది. రోజూ ఆ అరుగుమీదే కూర్చునే పదకొండుమందిలో ఒక్కరికీ కనపడలేదా? కడవ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేసిన రాజు కథ చెబుతూ నువ్వు ఏడ్చేవాడివి. ఆ రాజుకి చీకటి అడ్డం వచ్చింది. నీకేం అడ్డం వచ్చింది, మైకుసెట్టా?

ఆ మనిషి ఎందుకు బయటికి రావడం లేదని అడుగుతావు. గుమ్మంలో వలలు ఏమయ్యాయో చూశావుగా. భయం ఉండదా నాన్నా? నాకు మూడు రోజులుగా నిద్ర లేదు.

ఉష


రేవు, శనివారం తెల్లవారుజాము

ప్రియమైన నా తల్లికి,

మీ అమ్మ చేతి అద్దం ఫోను ముందు పెట్టి చూశాను. ఐసు షెడ్డు, మందిరం ఎక్కడివక్కడికి వచ్చాయి. సూది కుడిచేతికి వచ్చింది.

అప్పుడు ఆ చేతిని మొదటిసారి నిజంగా చూశాను. ప్రతి ముడికీ దారాన్ని చిటికెనవేలికి చుట్టి లాగుతోంది. రేవులో అందరూ చూపుడువేలితో లాగుతారు. తాడులో పడి చూపుడువేలు తెగిపోయిన నేనొక్కణ్ణే అలా లాగుతాను. ఇంకొకతె ఉంది. అయిదేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని, పదివేళ్లూ బాగున్నా, వల అల్లడమంటే ఇంతే కాబోలనుకుని నాలాగే నేర్చుకుంది. ప్రతి ఆదివారం అమ్మని చూడటానికని వచ్చి పడవలో కూర్చుంటుంది. ఎడంచెయ్యి అనుకున్నాక నేనింకేమీ చూడలేదమ్మా.

మీ అమ్మని లేపి అద్దంలో చూపించాను. "నాకు మొదట్నించీ తెలుసండీ. మీకు చెబితే మైకులో చెప్పేస్తారని చెప్పలేదు" అంది. ముప్పై ఏళ్ల ప్రవచనానికి నాకు దక్కిన బిరుదు అది.

తరవాత లాంతరు పట్టుకుని జగ్గయ్యగారి తూము దగ్గరికి వెళ్లాను. నువ్వు చెప్పినదంతా నిజం. వాసనకి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. అక్కణ్ణించి గంగాదేవి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. లోపలికి రమ్మనలేదు. "మీరొచ్చి నాకు చెబితే ఏం లాభమండీ? మైకులో అన్నమాట మైకులోనే తియ్యాలి" అంది. తీస్తాను. మైకు పీకేస్తే నోటితోనే అరుస్తాను.

కానీ నా మాట ఒక్కటీ చాలదు. "ఇది కాకపోతే ఎవరు?" అని జగ్గయ్యగారి మనుషులు అడుగుతారు. జవాబు రాకపోతే గంగాదేవినే వెలి వేస్తారు. నీ పేరు నేను చెప్పను. అడగకుండా ఒకరి పేరు చెప్పిన పాపం ఒకటి చాలు. నీ పేరు నువ్వే చెప్పాలి. నీకు భయం, నాకు నీకంటే ఎక్కువ భయం. రాయి పడితే ముందు నా మీద పడేలా నీ ముందు నిలబడతాను.

ప్రసాద్ రావులపాలెంలో చేపలు దించి పన్నెండింటికి మీ బడి గేటు ముందు వ్యాను ఆపుతాడు. సెలవుచీటీ ఇప్పుడే రాసెయ్యి. ఆ వీడియోలన్నీ తీసిన ఫోను తీసుకో. రేపు ఆదివారం కదా వస్తానులే అనుకోకు, సభ ఇవాళే. నాలుగింటికి గంగాదేవి పక్కన ఇంకొక మనిషి కూర్చుని ఉండాలి. లే తల్లీ, వ్యాను ఎక్కు!

నీ నాన్న
నూకయ్య