వదిన చేతికి కుదిరే పిస్టల్

నాకన్నా ఎప్పుడూ ఒక్క పాయింటు పైనే ఉండే మా వదినకి,

నీ చేతికి కట్టు విప్పేశారన్న ముక్క చదవగానే ల్యాబులో ఎంత కేక పెట్టానంటే, మా డెంటిస్టుగారు లోపలి గదిలోంచి "ఎవరి పన్ను ఊడిందమ్మా?" అని అడిగారు. "ఊడలేదండీ, మా వదిన చెయ్యి అతుక్కుంది" అన్నాను. నాలుగు నెలల క్రితం మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నదానివి, కట్టు విప్పిన వారానికే సొంతంగా ఎయిర్ పిస్టల్ కావాలంటున్నావంటే నీ మొండితనానికి దండం పెట్టాలి. ఇన్నేళ్ళూ ఇద్దరం మన షూటింగ్ క్లబ్బు పిస్టళ్ళతోనే నెట్టుకొచ్చాం. అన్నయ్యకి బదిలీ అయి మీరు వెళ్ళిపోయాక ఆ హాల్లో నన్ను వెక్కిరించేవాళ్ళే లేరు. ఎంత బాగా కాల్చినా మజా రావడం లేదు.

సరే, నువ్వు పురమాయించిన పని. షాపు మన క్లబ్బు వెనక సందులోనే. షాపాయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడట, ఇప్పటికీ కంటికి భూతద్దం పెట్టుకునే మాట్లాడతాడు. నేను వెళ్ళగానే "ఎంత బరువుంటే మంచిదండీ?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, రెండు పిస్టళ్ళు తీసి త్రాసులో పెట్టాడు. రెండూ ఒకటే బరువు. "ఇప్పుడు పట్టుకోమ్మా" అన్నాడు. పట్టుకుంటే ఒకటి ముందుకు లాగుతోంది, రెండోది అరచేతిలోకి ఒదుగుతోంది. ఒక్కోదాన్నీ తన చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి చూపించాడు. మొదటిది గొట్టం వైపు వాలిపోయింది. రెండోది ట్రిగ్గర్ దగ్గరే నిలబడింది. "బరువు ఎక్కడుందో చూసుకోండి. ముందుకుంటే గొట్టం అటూ ఇటూ ఊగదు, కానీ ఆ భారమంతా మణికట్టే మొయ్యాలి" అన్నాడు.

తర్వాత కళ్ళు మూసుకుని చెయ్యెత్తమన్నాడు. పది లెక్కపెట్టి తెరిస్తే గొట్టం కొసనున్న సైటు, అదే గురి చూసుకునే ముల్లు, వెనక గాడిలో సరిగ్గా కూర్చుని ఉండాలట. అలా ఏడు పిస్టళ్ళు ఎత్తాను. దుకాణంలో కళ్ళు మూసుకుని గోడకి గురిపెట్టిన ఆడమనిషిని చూసి, లోపలికి రాబోయిన ఒకాయన చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. చివరికి ఆ మొదటి రెండే మిగిలాయి.

నువ్వేమో ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు: "నీ చేతికి ఏది కుదిరితే అదే తీసుకో, నాకూ కుదురుతుంది, బుర్ర పాడుచేసుకోకు." అదెలా కుదురుతుందమ్మా? నాది రోజంతా పళ్ళ అచ్చులు పోసే మొరటు చెయ్యి. నీది లైబ్రరీలో పేజీలు తిప్పే చెయ్యి, అదీ విరిగి అతికింది. శనివారం మళ్ళీ వెళ్ళి తేలుస్తాను. వచ్చేవారం అన్నయ్య ఆఫీసు పనిమీద వస్తాడుగా, తన చేతికిచ్చి పంపిస్తాను.

నీ పళ్ళ పిల్ల

*

వదినా,

ఈ ఉత్తరం పెట్టెలోనే, పిస్టల్ పైన పెట్టాను. అన్నయ్యకి పెట్టె తెరవొద్దని మరీ మరీ చెప్పాను. ముందు ఇది చదువు, తర్వాతే దాన్ని ముట్టుకో. ఫోన్లో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కాను. నువ్వు "ఏమే" అనగానే నేను ఏదో జోకేసి తప్పించుకుంటానని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

పోయిన ఏడాది రాష్ట్ర జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం మనిద్దరం పోటీ పడ్డాం కదా. అరవై షాట్లయ్యాక నువ్వు ఒక్క పాయింటుతో గెలిచావు. నేను నిన్ను వాటేసుకున్నాను, క్లబ్బంతా స్వీట్లు పంచాను, "మా వదినండీ!" అని కనపడినవాళ్ళందరికీ చెప్పాను. ఆ తర్వాత బాత్రూములోకెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పి ఏడ్చాను. నీ మీద కోపం లేదు. నాకు రావలసింది నీకొచ్చిందన్న ఉక్రోషం, అంతే. అది ఏడాది నుంచీ పోలేదు.

ఇంతటితో అయితే బాగుండేది. నువ్వు పడ్డావని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నా నోరు "అయ్యో" అంది. లోపల మాత్రం "అయితే ఈసారి చోటు నాదే" అన్న మాట అంతకన్నా ముందే వచ్చేసింది. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్నదానివి. నీ చెయ్యి విరిగితే నాకొచ్చిన మొదటి ఆలోచన అది. రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

శనివారం షాపుకెళ్ళాను. ముందుకు వాలే పిస్టల్ ఎత్తితే నా చేతిలో మేకు కొట్టినట్టు నిలబడింది. నీ మణికట్టు మీద అది ఇరవయ్యో షాటుకే కిందికి దిగిపోతుందని నాకు తెలుసు. తెలిసే "ఇదే కట్టండి" అన్నాను. నువ్వే రాశావుగా, నా చేతికి కుదిరిందే తీసుకోమని! రేపెవరైనా అడిగితే చెప్పుకోడానికి నీ మాటే ఉంది. బస్సెక్కి పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి పక్కావిడ "ఏమ్మా, ఇంట్లో శుభకార్యమా?" అంది. ఎందుకలా అడిగిందా అని చూసుకుంటే, నేను కూనిరాగం తీస్తున్నాను. బస్సు ఆపించి దిగి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను. షాపాయన షట్టరు సగం దించాడు. "ఇది ఆ చేతికి పనికిరాదండీ" అన్నాను. "ఏ చేతికమ్మా?" అన్నాడు. "విరిగి అతుక్కున్న చేతికి" అన్నాను. ఆయన భూతద్దం తీసి, "ఆ ముక్క ముందే చెప్పాల్సింది కదమ్మా. సోమవారం సాయంత్రం రండి. కుడిచెయ్యి బాగా అలిసిపోయాక రండి" అన్నాడు.

సోమవారం పొద్దున్నుంచీ ల్యాబులో ప్లాస్టరంతా నేనే కలిపాను, ఒక్క కుడిచేత్తో. మధ్యాహ్నానికి చెంచా పట్టుకుంటే చెయ్యి వణికింది. ఆరోజు నేను చేసిన కట్టుడు పళ్ళు పెట్టుకుని ఒక పెద్దమనిషి, ఏడుస్తున్నా నవ్వుతున్నట్టే కనపడ్డాడట. డెంటిస్టుగారు పెట్టిన చివాట్లు నీ ఖాతాలోనే. ఆ చేత్తోనే షాపుకెళ్ళాను. ముందుకు వాలేది ఆరోసారికే దిగిపోయింది. రెండోది, ట్రిగ్గర్ దగ్గర బరువున్నది, ముప్ఫయ్యోసారి కళ్ళు తెరిచినా సైటు గాడిలోనే ఉంది. షాపాయన దాన్నే పెట్టెలో పెట్టాడు.

అదే నీకు పంపుతున్నాను. దీనితో నువ్వు మళ్ళీ గెలుస్తావు, నాకు తెలుసు. నేను మళ్ళీ ఏడుస్తానేమో కూడా. తిట్టాలనిపిస్తే తిట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ ఆడపడుచు

*

ఒసేయ్ పళ్ళ పిల్లా,

నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను. మీ అన్నయ్య కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను, రెండోసారి వచ్చేసరికి పడీపడీ నవ్వుతున్నాను. "డాక్టరు చేతికే కదా కట్టు కట్టింది, తలకి కాదుగా?" అని అడిగాడు. ఆయన జోకులకి నువ్వే నవ్వాలి.

ముందు నీ సిగ్గు సంగతి. పోయినేడు పోటీకి ముందు నీకు జలుబు చేసింది, గుర్తుందా? నువ్వు తుమ్మినప్పుడల్లా నీ వీపు నిమురుతూ "పాపం" అన్నాను. లోపల ఎంత హాయిగా ఉండేదో నీకేం తెలుసు! పైగా నీకోసం కషాయం కాచి, అది పనిచెయ్యకపోతే బాగుండుననుకున్నాను. ఇంక దీని గురించి మనిద్దరం మాట్లాడుకోనక్కర్లేదు.

ఇప్పుడు నా అబద్ధం విను. ఆ పిస్టల్ నాకోసం అడగలేదే. కట్టు విప్పిన మర్నాడే ఇక్కడి క్లబ్బుకెళ్ళి వాళ్ళ పిస్టల్ ఎత్తాను. ఎనిమిదోసారికి చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఎవరూ చూడకుండా పెట్టెలో పెట్టేసి ఇంటికొచ్చాను. ఇంక మానేద్దామని నిర్ణయించుకున్నాను, మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. నేను ఎలాగూ ఆడను కదా, నీకైనా సొంత పిస్టల్ ఉండాలనుకున్నాను. నీకే అని చెబితే "నాకెందుకు వదినా" అంటూ నెలరోజులు నసుగుతావు. అందుకే నాకని చెప్పి, నీ చేతికి కుదిరిందే తీసుకోమన్నాను. వస్తే తిప్పి నీకే పంపిద్దామని నా పథకం. నువ్వేమో తెలివితక్కువ నిజాయితీతో రోజంతా ప్లాస్టరు పిసికి, నా విరిగిన మణికట్టుని వెతుక్కుంటూ పోయావు!

నిన్న హాలు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్ళాను. నీకు తిప్పి పంపేముందు ఒక్కసారి చూద్దామనే. కళ్ళు మూసుకుని ఎత్తి, పది లెక్కపెట్టి తెరిచాను. సైటు గాడిలో కూర్చుని ఉంది. అనుకోకుండా కుదిరిందిలే అని మళ్ళీ ఎత్తాను. ఎనిమిదోసారి వచ్చింది. చెయ్యి దిగలేదు. పదిహేను, ఇరవై, ముప్ఫై. నలభయ్యోసారికి నొప్పి పుట్టింది, అయినా గొట్టం నిలబడే ఉంది. తర్వాత పది షాట్లు కాల్చాను. ఎన్ని పాయింట్లొచ్చాయో నీకు చెప్పను, భయపడతావు. అప్పుడే వచ్చి చూస్తున్న కోచ్ "ఇంత బాగా కుదిరిన పిస్టల్ ఎవరు ఎంచారమ్మా?" అని అడిగాడు. "నన్ను ఓడించాలనుకునే మనిషి" అన్నాను.

కాబట్టి నీకివ్వాలనుకున్న బహుమతిని నేనే కొట్టేశాను. ఇది నాది, ఇవ్వను. షాపాయనకి ఫోన్ చేసి ఆ ముందుకు వాలేది నీ పేర పక్కన పెట్టించాను. రేపే వెళ్ళి తెచ్చుకో, నసగకు. జట్టు ఎంపికకి ఇంకా మూడు నెలలుంది. నేను మానడం లేదే పిల్లా. వచ్చి నా పక్క లేన్లోనే నిలబడతాను. ఒక్క పాయింటు కూడా వదలను, నువ్వూ వదలకు.

నీ చేతిలో ఓడిపోయే ఉద్దేశం ఏమాత్రం లేని
మీ వదిన