పెరటి గుంత, వాకిట గులాబీలు

అత్తయ్యా,

ఇక్కడ అందరం కులాసా, ఒక్క మరుగుదొడ్డి తప్ప. పాత ఇంకుడు గుంత పూడుకుపోయిందని పెరట్లో కొత్తది తవ్వించాం. దాని నిండా నీళ్లు పోసి పడుకుంటే, తెల్లారినా చుక్క తగ్గలేదు. “నల్లమట్టండీ, పోసింది పోసినట్టే పట్టుకుని కూర్చుంది” అన్నాడు మేస్త్రి. అక్కడ మీరు నాటిన ప్రతి మొక్కా వేళ్లు కుళ్లి పోయినప్పుడైనా మాకు తట్టలేదు చూడండి.

వాకిట్లో ఇసుక నేల, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. కానీ అక్కడ మీ గులాబీలున్నాయి. కుండీల్లోకి మారుద్దామన్నానో లేదో, మామయ్య నా మీద ఇంతెత్తున లేచారు: “ఆవిడ చెప్పేదాకా ఒక్క ముల్లు కదపడానికి వీల్లేదు!”

కొమ్మలు కత్తిరించే కత్తెర ఎక్కడ పెట్టారు? అక్కడ పాప రాత్రిళ్లు పడుకుంటోందా? వదినకు కాన్పప్పటి కాళ్ల వాపు తగ్గిందా? అడిగానని చెప్పండి, పాపకు ముద్దులు.

సరేనని వెంటనే ఒక్క ముక్క రాయండి. పక్కింటావిడ మొహం చూడలేక చస్తున్నాను. మామయ్య మాత్రం రోజూ పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్ల బకెట్టుతో వాళ్లింటికే బయల్దేరుతున్నారు. వెళ్తూ వెళ్తూ అందులో సగం మీ గులాబీలకే పోస్తున్నారు.

మీ కోడలు